లైవ్ చాట్‌లో కొత్తవారి రెండో సందేశం

లైవ్ స్ట్రీమ్‌కు కొత్తగా వచ్చిన వ్యక్తి చాట్‌లో రాసే మొదటి సందేశానికి పెద్ద కారణం ఉండనక్కరలేదు. ఏదో వెతుకుతూ వచ్చి, ఒక నిమిషం చూసి, ‘హాయ్’ అని రాసి ఊరుకుంటారు. అదే వ్యక్తి రెండోసారి రాశారంటే మాత్రం, అక్కడ తనను ఎవరో గమనించారని, రాస్తే ఇబ్బందేమీ లేదని తేల్చుకున్నారన్నమాట. పదిమందీ కలివిడిగా మాట్లాడుకునే చాట్ కావాలనుకునే స్ట్రీమర్ వీక్షకుల సంఖ్యను పక్కన పెట్టి, ఈ రెండో సందేశం మీద దృష్టి పెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఇక్కడ చెప్పే ఏర్పాట్లన్నీ దాని కోసమే.

మొదట అర్థం చేసుకోవలసింది ఆలస్యం. మీరు కెమెరా ముందు అన్న మాట వీక్షకులకు వెంటనే చేరదు. యూట్యూబ్‌లో ఈ ఆలస్యానికి సాధారణం, తక్కువ, అతి తక్కువ అని మూడు సెట్టింగులు ఉన్నాయి. తక్కువ ఆలస్యాన్ని ఎంచుకుంటే ఎక్కువమందికి 10 సెకన్లలోపు, అతి తక్కువ ఆలస్యంలో 5 సెకన్లలోపు దృశ్యం చేరుతుంది. మీరు అడిగిన ప్రశ్న 8 సెకన్లకు వారికి వినిపించి, వారు ఆలోచించి టైపు చేయడానికి మరో 10 సెకన్లు పడితే, జవాబు మీ తెర మీదికి వచ్చేసరికి 20 సెకన్లు కావస్తుంది. ఈ లెక్క గమనించని స్ట్రీమర్ 5 సెకన్లు చూసి ‘ఎవరూ మాట్లాడటం లేదేంటి’ అని నిట్టూరుస్తారు. అప్పటికే సగం టైపు చేసిన మనిషి ఆ మాట విని, రాసింది చెరిపేసుకుంటారు. మాటామంతీ ప్రధానమైన స్ట్రీమ్‌కు ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగే మేలు. దానివల్ల వీడియో ఆగి ఆగి వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది, అతి తక్కువ ఆలస్యంలో 4కె నాణ్యత కుదరదు. కబుర్ల కోసం వచ్చేవారికి అది పెద్ద లోటు కాదు. ప్రశ్న అడిగాక జవాబు కోసం తెర వైపే చూస్తూ కూర్చోకుండా, చేస్తున్న పని గురించి మాట్లాడుతూ ఉండండి.

పలకరింపులోనూ ఒక మెలకువ ఉంది. ‘స్వాగతం’ అన్న ఒక్క మాటకు ‘థాంక్యూ’ తప్ప జవాబు లేదు కనుక సంభాషణ అక్కడికక్కడే ముగిసిపోతుంది. వారి పేరునూ, రాసిన మాటనూ పైకి చదివి, ఆ క్షణంలో తెర మీద జరుగుతున్నదాని గురించి తేలికగా జవాబివ్వగల ప్రశ్న ఒకటి వేయండి. ‘ఈ తలుపు తెరవమంటారా, ఆ మెట్లు ఎక్కమంటారా?’ అని అడిగితే, ఆ ఆట గురించి ఏమీ తెలియనివారు కూడా ‘మెట్లు’ అని ఒక్క మాట రాయగలరు. ఆ తరువాత నిజంగానే మెట్లెక్కండి. తమ మాట చెల్లిందని చూసినవారు అంత తొందరగా వెళ్లిపోరు. ‘మీది ఏ ఊరు, ఏం చేస్తుంటారు’ అన్న ప్రశ్నలు వినడానికి ఆప్యాయంగానే ఉంటాయి గానీ, ఎవరు చదువుతున్నారో తెలియని బహిరంగ స్థలంలో సొంత వివరాలు బయటపెట్టమనడమే అవుతుంది. వీక్షకుల్లో చిన్న వయసువారు ఉండవచ్చు కాబట్టి వాటి జోలికి పోకపోవడమే మంచిది. వారంతట వారు చెబితే విని, ఆ సంగతిని మళ్లీ ఎత్తకుండా వదిలేయండి.

ఏమీ రాయకుండా చూసేవారే ఏ స్ట్రీమ్‌లోనైనా ఎక్కువ. చూస్తున్నవారి జాబితా తెరిచి, ‘ఫలానా వారు అరగంట నుంచి ఉన్నారు, ఒక్క మాటైనా అనరేం’ అని పిలిచే అలవాటు కొందరిలో కనిపిస్తుంది. గోడ పక్కన నిలబడి కచేరీ వింటున్న మనిషిని చెయ్యి పట్టుకుని వేదిక మీదికి లాగడం లాంటిదే ఇది. మౌనంగా చూడటం కూడా ఇక్కడ మర్యాదేనని అప్పుడప్పుడు ఎవరి పేరూ ఎత్తకుండా చెబితే చాలు.

రోజూ వచ్చే పాతవారి సంగతి ఇంతకంటే చిక్కైనది. చాట్‌కు ప్రాణం వారే, కొత్తవారికి అడ్డుగోడ కూడా వారే. నెలల తరబడి పేరుకున్న ముద్దుపేర్లు, హాస్యాలు, ప్రత్యేకమైన ఎమోట్లు (చాట్‌లో వాడే చిన్న బొమ్మలు) కొత్తవారికి పరాయి ఇంటి ముచ్చట్లలా వినిపిస్తాయి. వాటిని మానేయనక్కరలేదు, నవ్వు పుట్టినప్పుడల్లా ‘కిందటి వారం నేను వంతెన మీద నుంచి మూడుసార్లు పడ్డాను, దాని గురించే ఈ గోల’ అని ఒక్క వాక్యంలో వివరం చెబితే, కొత్తవారు కూడా ఆ నవ్వులో కలుస్తారు. కొన్నాళ్లకు ఆ వివరం చెప్పే పనిని పాతవారే అందుకుంటారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ట్విచ్ అనే లైవ్ స్ట్రీమింగ్ వేదికలోని చాట్‌లను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, చాట్‌లో రాసేవారు ఒకరినొకరు అనుకరిస్తారని, చాట్‌ను అదుపులో ఉంచే మోడరేటర్ల వంటి హోదా ఉన్నవారి ప్రవర్తనను ఇంకా ఎక్కువగా అనుకరిస్తారని తేలింది. అందువల్ల మీరు, మీ మోడరేటర్లు, పాతవారు కొత్తవారితో ‘మీరు’ అని మాట్లాడితే చాట్ అంతా అదే దారి పడుతుంది. అందరినీ ‘బ్రో’ అని పిలవడం చనువుగానే అనిపిస్తుంది గానీ, వచ్చినవారందరూ మగవారేనని ముందే తీర్మానించినట్టవుతుంది. ఆ మాట నచ్చక వెళ్లిపోయిన మహిళలు ఎందుకు వెళ్లారో ఎవరూ మీకు చెప్పరు.

నియమాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. యూట్యూబ్‌లో మూడు మార్గదర్శకాల వరకు రాసిపెట్టుకుని, వీక్షకులు చాట్ చేసే ముందు కనిపించేలా చేయవచ్చు. ట్విచ్‌లో కూడా తొలిసారి రాసేవారికి మీ నియమాలు చూపే ఏర్పాటు ఉంది. ‘మర్యాదగా ఉండండి’ అన్న నియమం ఎవరినీ ఆపదు, ఎందుకంటే దుడుకుగా మాట్లాడేవారికి కూడా తాము మర్యాదస్తులమన్న నమ్మకమే ఉంటుంది. ‘ఆట కథలో ముందు జరగబోయేది చెప్పవద్దు’, ‘ఎవరి రూపం, గొంతు, యాస మీదా వ్యాఖ్యలు వద్దు’ అన్నట్టు ఫలానా పని చేయవద్దని తేటగా రాయండి.

సాధనాల విషయంలో అతి జాగ్రత్త కూడా ప్రమాదమే. ఒక చిన్న చానల్‌కు నేను మోడరేటర్‌గా ఉన్నప్పుడు, స్పామ్‌కు భయపడి, పది నిమిషాలైనా ఫాలో అవుతున్నవారే రాయగలిగే మోడ్‌ను ఎప్పుడూ ఆన్ చేసి ఉంచాము. స్పామ్ ఆగింది, కొత్తవారూ ఆగిపోయారు. పలకరించాలనిపించిన క్షణంలో రాయలేని మనిషి పది నిమిషాల తరువాత దాని కోసం తిరిగి రారు. అటువంటి మోడ్‌లను అవసరం పడినప్పుడు పెట్టి, తీరగానే తీసేయాలి. రోజువారీ వాడకానికి ఒక్కొక్కరి సందేశాల మధ్య కొంత వ్యవధి ఉంచే స్లో మోడ్, లింకులను ఆపే ఫిల్టర్, నిషిద్ధ పదాల జాబితా సరిపోతాయి. అభ్యంతరకరమైన సందేశాలను తనంతట తానే పట్టి ఉంచే ట్విచ్‌లోని ఆటోమోడ్‌కు నాలుగు స్థాయిలు ఉన్నాయి. యూట్యూబ్ కూడా అనుమానాస్పదమైన సందేశాలను పరిశీలనకు పట్టి ఉంచగలదు. అయితే ఇంగ్లిషు అక్షరాల్లో రాసే తెలుగు తిట్లను పట్టుకునే భారాన్ని పూర్తిగా వాటికి వదిలేయకండి. ఒకే మాటను అక్షరం పెంచి, తగ్గించి, మధ్యలో చుక్క పెట్టి ఎన్ని రకాలుగా రాస్తారో మీ మోడరేటర్లకే తెలుస్తుంది. ఆ రూపాలన్నిటినీ వారే జాబితాలో చేరుస్తూ ఉండాలి.

మోడరేటర్‌గా ఎక్కువ హడావిడి చేసేవారిని కాకుండా, గొడవ జరిగినప్పుడు నెమ్మదిగా మాట మార్చగలిగినవారిని ఎంచుకోండి. ఎప్పుడు సందేశం తొలగించాలి, ఎప్పుడు టైమౌట్ ఇచ్చి కొంతసేపు రాయకుండా ఆపాలి, ఎప్పుడు బ్యాన్ చేసి పూర్తిగా వెలివేయాలి అన్నది ముందే మాట్లాడుకుని, గుంపుగా మాట్లాడుకునే యాప్ అయిన డిస్కార్డ్‌లో వారికోసం ఒక విడి చానల్ పెట్టుకోవాలి. ట్విచ్‌లో టైమౌట్ ఒక సెకను నుంచి రెండు వారాల వరకు ఉండవచ్చు. తెలియక తప్పు చేసినవారికి పది నిమిషాల టైమౌట్‌తో పాటు, కారణం చెప్పే ఒక్క వాక్యం ఎక్కువ పని చేస్తుంది. కావాలని రెచ్చగొట్టడానికి వచ్చినవారికి మాత్రం వివరణ దండగ. స్ట్రీమర్ వారి సందేశాన్ని పైకి చదివి, చమత్కారంగా జవాబిచ్చి చప్పట్లు కొట్టించుకోవడం చూడటానికి బాగుంటుంది గానీ, వారు కోరుకున్న ప్రదర్శన సరిగ్గా అదే. పైగా ఇక్కడ నోరు జారితే అందరి ముందూ ఎగతాళి పాలవుతామన్న భయం మౌనంగా చూస్తున్నవారికి పట్టుకుంటుంది. మోడరేటర్ నిశ్శబ్దంగా తొలగించాలి, మీరు మాట ఆపకుండా సాగిపోవాలి. మోడరేటర్ నిర్ణయం మీకు నచ్చకపోతే అది స్ట్రీమ్ ముగిశాక విడిగా తేల్చుకోవలసిన విషయం.

మామూలు అల్లరికి మించినవి కూడా ఉంటాయి. 2021లో ట్విచ్‌లో బాట్ ఖాతాలు (మనుషులు కాక ప్రోగ్రాములు నడిపేవి) గుంపులుగా వచ్చి ద్వేషపు సందేశాలతో చాట్‌లను ముంచెత్తాయి. దానికి నిరసనగా ఆ ఏడాది సెప్టెంబర్ 1న ఎందరో స్ట్రీమర్లు ఒకరోజు స్ట్రీమ్ చేయడం మానేశారు. ఆ తరువాతే ఫోన్ నంబరు ధ్రువీకరించుకున్నవారిని మాత్రమే రాయనిచ్చే సదుపాయం, 2022లో ఒక్క బటన్‌తో కఠినమైన రక్షణలన్నీ ఆన్ చేసే షీల్డ్ మోడ్ వచ్చాయి. అటువంటి పరిస్థితిలో ఆ బటన్ ఎవరు నొక్కాలో ముందే తేల్చుకుని, ఒకసారి సాధన చేసి చూసుకోండి. దాడి జరిగినప్పుడు వచ్చిన మాటలను చదవకుండా, ‘ఒక్క నిమిషం చాట్ మూసి శుభ్రం చేస్తున్నాం, వెళ్లిపోకండి’ అని చెప్పడం చాలు.

స్ట్రీమ్‌ను ఉన్నపళంగా ఆపేయకుండా, చివరి కొన్ని నిమిషాలు ఆటో పనో పక్కన పెట్టి చాట్ కోసమే ఉంచుకోండి. సిగ్గుపడి అంతదాకా ఆగినవారు రాసేది తరచుగా అప్పుడే. అంతా ముగిశాక తీరికగా చాట్ రీప్లే చూసి, ఒక్కసారే రాసి, జవాబు అందక మళ్లీ రాయనివారి పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వారిలో ఎవరైనా మళ్లీ వచ్చి రాస్తే, ‘కిందటిసారి మీరు శబ్దం గురించి అడిగారు, అప్పుడు చూడలేకపోయాను’ అని అక్కడి నుంచే మాట మొదలుపెట్టండి.