చెక్క ఓడ మోడల్ కట్టే ముందు గోడ మీద ఒక తేదీ అంటించండి

కిట్ డబ్బా తెరవగానే చెయ్యి జిగురు సీసా మీదికి పోతుంది. నేనూ అలాగే మొదలుపెట్టి చేతులు కాల్చుకున్నవాడినే. కాస్త ఆగి, ఒక కాగితం మీద మీరు కట్టబోయే ఓడ పేరు, దాని పక్కన ఒక తేదీ రాసి, పని చేసుకునే బల్ల ఎదురుగా గోడకి అంటించండి. పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. ఎందుకో చెప్తాను.

మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు కట్టాలనుకునే ఓడ బ్రిటిష్ నౌకాదళం వారి విక్టరీ. 1759లో చాథమ్‌లో పని మొదలైంది, 1765 మే 7న నీళ్లలోకి దింపారు, 1780లో అడుగుకి రాగి రేకులు కొట్టారు, 1800 నుంచి 1803 దాకా దాదాపు మళ్లీ కట్టినంత పని చేశారు, 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ సముద్రయుద్ధంలో బ్రిటిష్ సేనాపతి నెల్సన్ దాని మీదే చనిపోయాడు. ఇప్పుడది పోర్ట్స్‌మౌత్‌లో, 1922 నుంచి పొడి డాక్‌లోనే ఉంది. మరి వీటిలో మీరు కట్టేది ఏ విక్టరీ? 1765 నాటిదైతే వెనక భాగంలో బయటికి తెరిచి ఉన్న వసారాలు ఉండాలి, ముక్కు మీద బొమ్మ చాలా ఆర్భాటంగా ఉండాలి, రాగి ఉండకూడదు. 1805 నాటిదైతే వెనక వసారాలు మూసేసి ఉంటాయి, ముందు బొమ్మ చిన్నదై రాజచిహ్నాన్ని ఇద్దరు బాలురు పట్టుకున్నట్టు ఉంటుంది, రాగి ఉంటుంది. ఇక పోర్ట్స్‌మౌత్ ఫొటోలు చూసి కొలతలు తీస్తానంటారా, చాలాకాలం దాని మీద నిలబడ్డ తెరచాప స్తంభాల కింది భాగాలు 19వ శతాబ్దం చివర్లో పెట్టిన ఇనుపవి! 1765 వెనక భాగానికి 1805 రంగు వేసి, ఇప్పటి ఫొటో చూసి స్తంభాలు నిలబెడితే ఏ రోజూ ఈ లోకంలో లేని ఓడ ఒకటి తయారవుతుంది. అలాంటిది మా ఇంట్లో ఒకటి ఉంది, బీరువా మీద.

ఆధారాలు ఏ వరుసలో నమ్మాలి

ముందు ఆ కాలంలో గీసిన నక్షా. దాని తర్వాత ఓడ మిగిలి ఉంటే ఓడే, ఆపైన అప్పటివాళ్లు వేసిన చిత్రాలు. కిట్ డబ్బా మీద బొమ్మ అన్నిటికన్నా ఆఖరున. బ్రిటిష్ ఓడలైతే మీ పని సగం తేలిక, గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో నౌకాదళం నాటి అసలు నక్షాలు వేలల్లో ఉన్నాయి. బౌంటీ ఓడకైతే తాహితీ నుంచి తేవాల్సిన సీమపనస మొక్కల కుండీలు ఎక్కడ పెట్టాలో కూడా గీసి ఉంది. కొలంబస్ సాంటా మరియాకి మాత్రం నక్షా లేదు, ఓడా దొరకలేదు, ఎవరు కట్టినా ఊహే. కాబట్టి దాని విషయంలో పక్కవాడితో వాదనకి దిగి లాభం లేదు. శాతవాహనుల నాణెం మీది ఓడ కట్టాలని నాకు ఎప్పట్నుంచో కోరిక, కానీ ఆ నాణెం చూస్తే రెండు స్తంభాలున్నాయని తెలుస్తుంది గానీ డెక్ పలక ఎంత వెడల్పో తెలియదు కదా!

మిగిలి ఉన్న ఓడని కూడా కళ్లు మూసుకుని నమ్మకండి. స్వీడన్ వాసా 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగింది, 1961లో పైకి తీశారు. దాని వెనక భాగం నీలం రంగులో ఉండేదని చాలాకాలం అనుకున్నారు, మోడళ్లూ అలాగే వచ్చాయి. చెక్కలో మిగిలిన రంగు రేణువులు పరీక్షించాక అది ఎరుపని తేలింది. విక్టరీకి కూడా పాత రంగు పొరలు పరిశీలించి, 2015లో అంతకుముందున్న ముదురు పసుపు బదులు కాస్త గులాబీ ఛాయ ఉన్న లేత రంగు వేశారు. పాత కిట్‌లో రంగుల పట్టిక ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి.

17 మిల్లీమీటర్ల మనిషిని చేసుకోండి

తేదీ తప్పితే ఎంత తప్పో సైజు తప్పినా అంతే తప్పు, పైగా ఇదే కంటికి ముందు కనబడుతుంది. మీ స్కేల్ 1:98 అనుకోండి, అంటే అసలు ఓడలో 98వ వంతు. అయిదున్నర అడుగుల మనిషి అందులో 17 మిల్లీమీటర్లు వస్తాడు. దళసరి అట్ట మీద అంత మనిషిని కత్తిరించి, డబ్బాలోంచి తీసిన ప్రతి ముక్క పక్కనా నిలబెట్టండి. తలుపులోంచి దూరగలడా, మెట్టు ఎక్కగలడా, కటకటాలు నడుం దాకా ఉన్నాయా మెడ దాకా ఉన్నాయా, అన్నీ అతనే చెప్తాడు. నా కిట్‌లో తాళ్లు చుట్టి కట్టే ఇత్తడి మేకులు 10 మిల్లీమీటర్లున్నాయి. లెక్క వేస్తే 98 సెంటీమీటర్లు, అంటే మనవాడి బొడ్డు దాకా! అసలువి అడుగున్నరకి మించవు కాబట్టి అయిదు మిల్లీమీటర్ల లోపే ఉండాలి. అన్నీ పారేసి, సన్న ఇత్తడి తీగ కోసి అరగదీసుకున్నాను. రెండు ఆదివారాలు పట్టింది.

పలకలు, రాగి

కిట్‌లో వచ్చే చెక్క పట్టీ 60 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని అలాగే ఈ చివర నుంచి ఆ చివరకి అంటించేస్తాం, హాయిగా. కానీ 1:98లో అది దాదాపు 193 అడుగుల పలక. విక్టరీ ఫిరంగుల డెక్ పొడవే 186 అడుగులు, అంత చెట్టు ఎక్కడ దొరుకుతుంది? పలక 24 అడుగులనుకుంటే మీ ముక్క ఏడున్నర సెంటీమీటర్లు. అలా కోసి, పక్కపక్క వరసల్లో అతుకులు ఒకే చోట పడకుండా జరుపుతూ అంటించండి. పలకల సందుల్లో పీచు కూరి తారు పోసేవారు, ఆ నల్ల గీత కోసం పట్టీ ఒక అంచుకి మెత్తటి పెన్సిల్ రాస్తే చాలు. చెక్క మేకులు మాత్రం నల్ల చుక్కలుగా పెట్టకండి. అసలు మేకు అంగుళంన్నర ఉన్నా మన స్కేల్‌లో 0.4 మిల్లీమీటర్లే, అదీ చెక్క రంగులోనే, కాబట్టి దగ్గరకొచ్చి చూస్తే గానీ కనబడకూడదు.

రాగి దగ్గర నేను పరువు పోగొట్టుకున్నాను. రేకు 4 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు కాబట్టి 12.4 బై 3.6 మిల్లీమీటర్ల ముక్కలు కోశాను, అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఉత్సాహం ఆపుకోలేక ప్రతి ముక్కకీ వెనక నుంచి సూదితో పొడిచి మేకు తలలు ఉబ్బేలా చేశాను, వేలల్లో. మా బాబాయి వచ్చి చూసి, "ఏంట్రా, ఓడకి ఆటలమ్మ పోసిందా?" అన్నాడు. నిజమే. మేకు తల అంగుళం వెడల్పు ఉందనుకున్నా 1:98లో పావు మిల్లీమీటరే వస్తుంది, పైగా వాటిని రేకుకి సమంగా దిగేలా కొట్టేవారు. నున్నటి రేకు అంటించి వదిలేయడమే సరైన పని.

తాళ్ల కొలతలో మెలిక

పాత పట్టికల్లో తాడు 10 అంగుళాలు అని ఉంటే అది వ్యాసం కాదు, చుట్టుకొలత. ఇది తెలియక ఎంతమంది ఓడలు పాములు చుట్టుకున్నట్టు తయారయ్యాయో! 10ని 3.14తో భాగిస్తే 3.2 అంగుళాలు, 1:98లో 0.8 మిల్లీమీటర్ల దారం. భాగించకపోతే 2.6 మిల్లీమీటర్లు వస్తుంది. స్తంభాలని పట్టి ఉంచే కదలని తాళ్లకి తారు పూసేవారు, అవి దాదాపు నల్లగా ఉండాలి. తెరచాపలు లాగే తాళ్లు గోధుమరంగు జనపనారలా ఉంటాయి. దారానికి తేనెమైనం రుద్దితే నూగు అణిగిపోతుంది.

ఇంకోటి, 17వ శతాబ్దం ఓడ కడుతుంటే కిట్‌లో ఉంది కదా అని చుక్కాని చక్రం పెట్టేయకండి. వాసా రోజుల్లో నిలువు కర్ర ఒకటి పట్టుకుని అటూ ఇటూ వంచి చుక్కాని తిప్పేవారు.

జెండా

గోడ మీది తేదీ మళ్లీ చూడండి. ఇప్పటి బ్రిటిష్ జెండాలో ఐర్లండ్ తరఫు ఎర్ర ఐమూల గీతలు 1801 జనవరి 1 నుంచే ఉన్నాయి. 1787 బౌంటీకి అవి ఉంటే తప్పు, ట్రఫాల్గర్ విక్టరీకి లేకపోతే తప్పు. ట్రఫాల్గర్ రోజు నెల్సన్ తన ఓడలన్నిటికీ తెల్ల జెండానే (లొంగిపోయే జెండా కాదు, తెల్ల గుడ్డకి మూలన బ్రిటిష్ జెండా ఉండే నౌకాదళ జెండా) ఎగరేయమన్నాడు, కాబట్టి ఎర్ర గుడ్డ జెండా పెట్టకండి. పల్చటి కాగితం మీద ముద్రించి, నీళ్లు కలిపిన జిగురు రాసి, పెన్సిల్ చుట్టూ వంచి మడతలు తెచ్చుకోండి. కట్టేటప్పుడు గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి: వెనక గాలికి తెరచాపలు ముందుకి ఉబ్బి ఉంటే జెండా కూడా ముందుకే ఎగరాలి, కారుకి కట్టిన జెండాలా వెనక్కి కాదు.