మారథాన్ పాఠాలు – 6: రాసిన నోటుబుక్‌ను చదవడం

పోయిన పాఠంలో రోజూ పరుగు వివరాలు నోటుబుక్‌లో రాయమన్నాను, దాన్ని ఎలా చదవాలో చెప్పలేదు. తప్పు నాదే. చాలామంది పేస్ (కిలోమీటరుకు పట్టే నిమిషాలు, సెకన్లు) ఒక్కటే రాశారు. మేలో కిలోమీటరుకు 6:40 పట్టినది జులైలో 7:05 అయ్యేసరికి టెన్షన్ పడిపోయి, మంగళవారం తీరిగ్గా చేయాల్సిన ఈజీ రన్‌ను కూడా పందెంలా పరుగెత్తారు. ఒకాయన పిక్క పట్టేసి రెండు వారాలు ఇంట్లోనే కూర్చున్నారు. అందుకే ఈసారి రావాల్సిన ఫ్లైఓవర్ల మీద పరుగెత్తే పాఠం వాయిదా వేశాను.

ప్రతి పరుగుకూ దూరం, సమయం, గుండె వేగం, వాతావరణం, ఒంటికి ఎలా ఉందో రాయండి. గుండె వేగం చూపే వాచీ లేకపోతే, పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగారో లేదో రాస్తే చాలు. నేనైతే స్నానానికి ముందే రాసేస్తాను. స్నానం, కాఫీ అయ్యాక ప్రతి పరుగూ బాగానే సాగినట్టు అనిపిస్తుంది.

"వానలు పడి చల్లబడింది కదా, మరి ఎందుకు నెమ్మదించాను?" అని కొందరు అడిగారు. హైదరాబాద్‌లో మే తెల్లవారుజామున ఉక్క తక్కువ, చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. జులైలో గాలినిండా తేమే. చెమట కారుతుంది గానీ ఆరదు. ఒంటి వేడి తగ్గించడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి, పైగా చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది. దాంతో అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. విశాఖ బీచ్ రోడ్డులో పరుగెత్తేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఇక సగటు పేస్. ఈ అంకె మీద నాకు పాత కోపం ఉంది. ఆదివారాల్లో చేసే దూరపు పరుగుల్లోంచి రెండు లాంగ్ రన్‌లు చూడండి, రెండూ 24 కిలోమీటర్లే. మొదటిదాంట్లో తొలి 12 కిలోమీటర్లు 6:20 చొప్పున, మిగతా 12 ఈడ్చుకుంటూ 7:20 చొప్పున. సగటు 6:50. రెండోదాంట్లో తొలి సగం 7:00, మలి సగం 6:50. సగటు 6:55. నోటుబుక్‌లో సగటు ఒక్కటే ఉంటే రెండో ఆదివారం కిలోమీటరుకు 5 సెకన్లు వెనకబడ్డట్టు. నిజానికి మారథాన్‌కు తయారవుతున్నది ఆ రెండో ఆదివారం మనిషే. సిగ్నల్ దగ్గర వాచీ ఆపి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదలుపెట్టే వాళ్ల సగటు ఇంకా అందంగా ఉంటుంది. నీళ్ల కోసం ఆగిన 4 నిమిషాలు అందులో ఎక్కడా కనిపించవు.

నేనూ ఇందులో పడ్డవాణ్ణే. హాఫ్ మారథాన్ 2 గంటల 15 నిమిషాల్లో చేసి, రెండుతో గుణించి, ఫుల్ 4:30 అనుకున్నాను. 32 కిలోమీటర్లు దాటాక నడక. 5:10 పట్టింది. ఇంటికొచ్చి నోటుబుక్ తిరగేస్తే, అంతకుముందు చేసిన మూడు లాంగ్ రన్‌లలోనూ మలి సగం కూలిపోయే ఉంది. సగటు చూసి మురిసిపోయి ఆ వరుస చదవనేలేదు.

మెరుగయ్యారో లేదో తెలియాలంటే నాలుగు వారాలకోసారి అదే దారిలో, అదే వేళకు, అదే గుండె వేగంతో 6 కిలోమీటర్లు పరుగెత్తండి. నాకు నెక్లెస్ రోడ్డు బాగుంటుంది, అక్కడ ఎత్తుపల్లాలు తక్కువ. సమయం తగ్గితే మంచిదే. తగ్గకపోయినా, మర్నాడు మెట్లు దిగేటప్పుడు తొడలు పట్టేయడం లేదంటే అదీ లెక్కలోకే వస్తుంది. ఒక్క చెడ్డ పరుగును చూసి మాత్రం ఏదీ తేల్చకండి. ముందురాత్రి పెళ్లి భోజనం చేసి ఉండొచ్చు.

అన్నట్టు, అభ్యాసం. గత 8 వారాల లాంగ్ రన్‌లన్నీ తీసి, ప్రతిదాన్నీ రెండు సగాలు చేసి, పేస్, గుండె వేగం విడివిడిగా రాయండి. పక్కన ఆ రోజు ఉక్క ఎలా ఉందో గుర్తున్నంత వరకు రాయండి. వాచీలో కిలోమీటరు వారీ స్ప్లిట్స్ (ఒక్కో కిలోమీటరుకు పట్టిన సమయం) లేనివాళ్లు వచ్చే ఆదివారం నుంచి సగం దూరంలో టైమ్ చూసి గుర్తుపెట్టుకోండి. ఇది పూర్తయ్యేదాకా ఈజీ రన్‌లో పేస్ చూడొద్దు. నేనైతే వాచీ తెర మీద ప్లాస్టర్ అంటిస్తాను.