అంతరిక్ష యాత్రలకు తక్కువ విద్యుత్తుతో పనిచేసే చిన్న మాగ్నెటోమీటర్‌ను రూపొందించడం ఎలా?

మాగ్నెటోమీటర్ అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం. దాని సెన్సర్‌ను ఎంచుకునే ముందు, అది ఎక్కడ, ఎంత క్షేత్రాన్ని కొలవాలో తేల్చుకోవాలి. భూమికి దగ్గరి కక్ష్యలో అయస్కాంత క్షేత్రం సుమారు 20,000 నుంచి 50,000 నానోటెస్లాల వరకు ఉంటుంది (టెస్లా అయస్కాంత క్షేత్ర బలానికి ప్రమాణం, నానోటెస్లా అందులో వందకోట్లవ వంతు). భూమి నుంచి చాలా దూరంగా, సౌర పవనంలో (సూర్యుడి నుంచి వెలువడే విద్యుదావేశ కణాల ప్రవాహంలో) అది 5 నానోటెస్లాల దరిదాపులకు పడిపోతుంది. ఉపగ్రహం ఎటు తిరిగి ఉందో తెలిస్తే చాలనుకుంటే వంద నానోటెస్లాల తేడాను సహించవచ్చు కానీ, సౌర పవనాన్ని అధ్యయనం చేయాలంటే 0.1 నానోటెస్లా కూడా లెక్కలోకి వస్తుంది.

దాన్నిబట్టి సెన్సర్ రకాన్ని నిర్ణయించాలి. దిశ కోసమైతే పర్మల్లాయ్ (నికెల్, ఇనుముల మిశ్రమలోహం) పలుచని పొరతో చేసిన మాగ్నెటోరెసిస్టివ్ చిప్ (క్షేత్రాన్ని బట్టి విద్యుత్ నిరోధం మారే చిప్) చాలు. గోరంత ఉండే ఈ చిప్‌కు అప్పుడప్పుడు బలమైన విద్యుత్ పల్స్ పంపి, పొరలోని అయస్కాంతత్వాన్ని మళ్లీ ఒకే దిశకు తేవాలి. శాస్త్రీయ కొలతలకు ఫ్లక్స్‌గేటే మేలు. ఇందులో కాయిల్ చుట్టిన కోర్‌ను (అయస్కాంత పదార్థపు ముక్కను) ఏకాంతర విద్యుత్తుతో రెండు దిశలలోనూ సంతృప్త స్థితికి, అంటే అయస్కాంతత్వం ఇక పెరగని స్థితికి తెస్తారు. ఈ విద్యుత్తునే డ్రైవ్ అంటారు. బయటి క్షేత్రం ఉన్నప్పుడు, డ్రైవ్ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు ఫ్రీక్వెన్సీ గల సంకేతం రెండో కాయిల్‌లో పుడుతుంది. విద్యుత్తులో పెద్ద వాటా ఈ డ్రైవ్‌కే పోతుంది కాబట్టి, కాయిల్‌కు తగిన కెపాసిటర్‌ను జతచేసి శక్తిలో కొంత ప్రతి ఆవృత్తిలోనూ తిరిగి వాడుకోవాలి. కోర్‌ను మరీ చిన్నది చేస్తే నాయిస్ (కొలతలో అనవసర ఒడిదుడుకులు) పెరుగుతుంది. బరువు తగ్గించాలంటే ముందు ఎలక్ట్రానిక్స్ వైపు చూడడమే మంచిది.

డిజిటల్ మార్పిడి దగ్గర లెక్క కచ్చితంగా ఉండాలి. ప్లస్, మైనస్ 60,000 నానోటెస్లాల పరిధిని 16 బిట్లతో కొలిస్తే ఒక్కో మెట్టు సుమారు 1.8 నానోటెస్లాలు అవుతుంది, 0.1 కావాలంటే 21 బిట్లు అవసరం.

అసలు కష్టమంతా వ్యోమనౌకతోనే. ఒక ఆంపియర్ మోసే పొడవైన తిన్నని తీగ మీటరు దూరంలో 200 నానోటెస్లాల క్షేత్రాన్ని కలిగిస్తుంది, అంటే సౌర పవన క్షేత్రానికి నలభై రెట్లు. అందుకే విద్యుత్తు వెళ్లే తీగను, తిరిగి వచ్చే తీగను పురి పెట్టి కలిపి నడపాలి. సౌర ఫలకాల వైరింగ్‌లోనూ ఇదే నియమం పాటించాలి. సెన్సర్ దగ్గర ఇనుప స్క్రూలు, కోవార్ (ఇనుము, నికెల్, కోబాల్ట్‌ల మిశ్రమలోహం) కాళ్లున్న చిప్‌లు వాడకూడదు. బంగారు పూత వేసిన కనెక్టర్లనూ నమ్మకూడదు, ఎందుకంటే ఆ పూత కింద తరచూ అయస్కాంత లక్షణమున్న నికెల్ పొర ఉంటుంది. ఆ తర్వాత సెన్సర్‌ను బూమ్ (నౌక నుంచి బయటికి చాచిన పొడవైన కడ్డీ) చివరన పెట్టాలి. చిన్న అయస్కాంత మూలం కలిగించే క్షేత్రం దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. 2023లో బయలుదేరిన ఆదిత్య-ఎల్1లో 6 మీటర్ల బూమ్ చివరన ఒక సెన్సర్, 3 మీటర్ల దగ్గర మరొకటి ఉన్నాయి. రెండింటి తేడాను బట్టి నౌక సొంత క్షేత్రాన్ని అంచనా వేసి తీసివేయవచ్చు.

ఆఖరి పని కాలిబ్రేషన్, అంటే సెన్సర్ చూపే విలువలను తెలిసిన విలువలతో సరిచూడడం. బయటి క్షేత్రాన్ని అడ్డుకునే మ్యూ-మెటల్ కవచంలో సున్నా విలువను (క్షేత్రం లేనప్పుడు సెన్సర్ చూపే విలువను), తెలిసిన క్షేత్రాన్ని కలిగించే మూడు జతల హెల్మ్‌హోల్ట్జ్ కాయిళ్ల మధ్య మూడు అక్షాల గెయిన్‌ను (క్షేత్రానికి సెన్సర్ స్పందించే నిష్పత్తిని), వాటి మధ్య కోణాలను వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద కొలవాలి. ఇందుకోసం కోర్ పక్కనే ఒక ఉష్ణోగ్రత సెన్సర్ ఉండాలి. ప్రయోగం తర్వాత సున్నా విలువ మారవచ్చు. నౌక తన అక్షం చుట్టూ తిరిగేదైతే ఆ అక్షానికి లంబంగా ఉన్న రెండు దిశల సున్నా దోషం సులభంగా బయటపడుతుంది. మూడో దిశకు, సౌర పవనంలో క్షేత్ర పరిమాణం దాదాపు మారకుండా దిశ మాత్రమే మారే సమయాలను ఎంచుకుని లెక్కించాలి.