జర్మేనియం స్ఫటికానికి జాతకం రాయడం ఎలా

డార్క్ మ్యాటర్ (విశ్వంలో కంటికి కనిపించని పదార్థం) కోసం వెతికే డిటెక్టర్ల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి నేను మొదటి రోజే ఒక నోట్‌బుక్ ఇస్తాను. డిటెక్టర్‌కి గుండెలాంటి జర్మేనియం స్ఫటికం నేల మీద ఎక్కడ, ఎన్ని గంటలు ఉందో అందులో రాయాలి. మేం దాన్ని జాతకం అంటాం.

కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లు జర్మేనియం కేంద్రకాన్ని కొడితే ట్రిటియం, జర్మేనియం-68, కోబాల్ట్-60 లాంటి రేడియోధార్మిక పరమాణువులు తయారవుతాయి. తర్వాత స్ఫటికాన్ని కెనడాలోని భూగర్భ ప్రయోగశాల స్నోల్యాబ్‌కి, 2 కిలోమీటర్ల లోతుకి దించినా అవి దానితోపాటే దిగుతాయి. బయటి నుంచి వచ్చే వికిరణానికి సీసం అడ్డుపెట్టొచ్చు. లోపల పుట్టినదానికి ఏం అడ్డుపెడతాం?

ముందు పుట్టిన రోజు రాయండి. కరిగిన జర్మేనియం నుంచి స్ఫటికాన్ని లాగిన రోజది. అప్పుడు ట్రిటియం, కోబాల్ట్ చాలావరకు పోతాయి కాబట్టి వాటి లెక్క మళ్లీ మొదలవుతుంది. జర్మేనియం-68 మాత్రం పోదు, అదీ జర్మేనియమే కదా! దానికోసం ముడిసరుకు చరిత్ర కూడా అడిగి రాసుకోండి.

ఆ తర్వాత ప్రతి మజిలీకి ఒక వరస: వచ్చిన సమయం, వెళ్లిన సమయం, ఊరు, సముద్ర మట్టం నుంచి ఎత్తు, పైన ఎంత కాంక్రీటు ఉంది. విమానం మాత్రం వద్దు. 10 కిలోమీటర్ల ఎత్తులో న్యూట్రాన్ల తాకిడి వందల రెట్లు ఎక్కువ. 200 రెట్లే అనుకున్నా, 10 గంటల ప్రయాణం అంటే నేల మీద 83 రోజులు ఉంచినట్టే. లారీలో, ఓడలో, ఉక్కు కవచమున్న కంటైనర్‌లో పంపించండి.

స్ఫటికం చుట్టూ వాడే రాగికీ ఇలాంటి జాతకమే కావాలి. ఒకసారి మాకొచ్చిన రాగి పలక కాగితాల్లో 46 రోజుల లెక్క లేదు. ఎక్కడుందని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. అన్ని రోజులూ కప్పు లేని చోటే ఉందనుకుని లెక్కేశాం, పలకని పక్కన పెట్టేశాం. బహుశా మంచి రాగే అయ్యుంటుంది. ఇప్పటికీ నాకు బాధే.

లెక్క కష్టమేం కాదు. రోజుల సంఖ్యని అర్ధాయువుతో (ఆ పరమాణువులు సగానికి తగ్గేందుకు పట్టే కాలంతో) భాగించండి, 2ని మైనస్ అంత ఘాతానికి పెంచి 1లోంచి తీసేయండి. ఎంతకాలం నేల మీద ఉంచినా దాటని గరిష్ఠంలో ఎంత భాగం చేరిందో వస్తుంది. సముద్ర మట్టంలో 30 రోజులుంటే జర్మేనియం-68 (అర్ధాయువు 271 రోజులు) 7 శాతం దాటుతుంది. ట్రిటియం అర శాతం కూడా చేరదు. అయినా నా భయమంతా ట్రిటియం గురించే. జర్మేనియం-68ని భూగర్భంలో 813 రోజులు ఉంచితే ఎనిమిదో వంతుకి తగ్గుతుంది. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు, అది తగ్గేదాకా ఎవరు ఆగగలరు? పైగా దాని బీటాల (అది వదిలే ఎలక్ట్రాన్ల) శక్తి సున్నా నుంచి 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా పరుచుకుంటుంది. తేలికపాటి డార్క్ మ్యాటర్ కోసం మనం వెతికేది సరిగ్గా అక్కడే.

అందుకే సాయంత్రం టీకి వెళ్లేటప్పుడు కూడా స్ఫటికాన్ని బెంచీ మీద వదలకండి. కింద గదిలో పెట్టి, పెట్టిన నిమిషం రాసి వెళ్లండి. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో.