ఒక సమురాయ్ బంటు జీవితాన్ని చదవడం ఎలా: నా నోటుబుక్కు పద్ధతి

ముప్పై ఏళ్లు తెనాలిలో పిల్లలకు సోషల్ చెప్పి రిటైరయ్యాక, నగోయాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాను. అక్కడి నుంచి రైలెక్కితే అరగంటలో ఒకజాకి వస్తుంది. తర్వాత షోగన్‌గా జపాన్‌ను ఏలిన టోకుగావా ఇయెయాసు పుట్టిన ఊరు. నాకు మాత్రం ఇయెయాసు కన్నా అతని బంటు తోరీ మొతొతాద మీద మనసు పడింది. సమురాయ్‌ల గురించి చదవాలనుకునేవాళ్లు యుద్ధాల జాబితాతో మొదలుపెట్టకండి. ఒక్క బంటును పట్టుకోండి. అతనికి దక్కిన బియ్యం, తగిలిన గాయం, ఏలిక అప్పగించిన పని, ఈ మూడూ వరసగా రాసుకుంటూ పోండి.

ముందు తేదీలు సరిచేసుకోవాలి. మొదటి వారమంతా నేను ఇక్కడే తికమకపడ్డాను. ఇయెయాసు ఓడిపోయిన మికతగహరా యుద్ధం ఒక పుస్తకంలో 1572, ఇంకోదాంట్లో 1573. రెండూ తప్పు కాదు. అప్పటి జపాన్ లెక్క మన పంచాంగం లాంటిదే: చంద్రుణ్ని బట్టి నెలలు, మధ్యమధ్య అధికమాసాలు. ఆ యుద్ధం వాళ్ల పన్నెండో నెల 22న జరిగింది. మన గోడ క్యాలెండర్ లెక్కకు మారిస్తే 1573 ఫిబ్రవరి 4. అందుకే పేజీలో రెండు గళ్లు గీసి రెండు తేదీలూ రాయండి. వయసూ అంతే. పుట్టగానే ఒకటో ఏడు, ప్రతి కొత్త సంవత్సరానికీ ఇంకొకటి. 1539లో పుట్టి 1600లో పోయిన మొతొతాదకు వాళ్ల లెక్కలో 62 ఏళ్లు. మా అమ్మమ్మ "అరవై రెండో ఏడు నడుస్తోంది" అనేది, అలాగన్నమాట.

తర్వాత బంటు తండ్రిని వెతకండి. ఈ మెట్టు దాటేస్తే మిగతాదేదీ అర్థం కాదు. ఇయెయాసు చిన్నప్పుడు సుంపు అనే కోట ఊళ్లో, పొరుగు దొరలైన ఇమగావా వాళ్ల దగ్గర బందీగా పెరిగాడు. సొంత గడ్డ మికావా కూడా వాళ్ల అదుపులోనే ఉండేది. అప్పుడు ఒకజాకిలో ఉన్న తోరీ తదయొషి, చిన్న దొర తిరిగొచ్చే రోజు కోసం ధాన్యం, డబ్బు గుట్టుగా దాచిపెట్టాడట. కొడుకు మొతొతాదను పదమూడో ఏట సుంపుకు, ఆ దొర దగ్గరికే పంపాడు. 1560లో ఒకెహజామా యుద్ధంలో ఆ వంశపు పెద్ద ఇమగావా యోషిమోతో చనిపోయాకే ఇయెయాసు ఒకజాకి చేరాడు. అంటే వీళ్లిద్దరూ కష్టకాలంలో కలిసి పెరిగినవాళ్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త. జరిగిందని గట్టిగా తెలిసినది పెన్నుతో రాయండి, తర్వాతి తరాలు చెప్పుకున్న కథలు పెన్సిల్‌తో రాయండి. ధాన్యం దాచిన కథ నా పుస్తకంలో పెన్సిల్‌తోనే ఉంది. యుద్ధంలో చూపిన పరాక్రమానికి ఇయెయాసు మెప్పు పత్రం ఇవ్వబోతే, "ఇంకో ఏలిక కొలువుకు పోయేవాడికి కావాలి గానీ నాకెందుకు" అని మొతొతాద కాదన్నాడన్న కథా అంతే. పెన్సిల్ అన్నాను కదా అని వదిలేయకండి. ఒక బంటు ఎలా ఉండాలని ఆ సమాజం కోరుకుందో అవే చెబుతాయి.

ఇప్పుడు గాయం. 1575లో సువాహరా కోట దగ్గర కాలికి దెబ్బ తగిలి, ఆ తర్వాత కుంటుతూనే నడిచాడు. అయినా 1582లో కురొకొమాలో శత్రువులైన హోజో వంశపు సేనను ఓడించాడు. ఇక బియ్యం. కొకు అంటే సుమారు 180 లీటర్లు, ఒక మనిషికి ఏడాది తిండి. 1590లో ఇయెయాసు తూర్పున కాంతోకు, అంటే ఇప్పటి టోక్యో చుట్టుపక్కలకు, మారినప్పుడు మొతొతాదకు షిమోసాలో యహాగి, 40,000 కొకుల భూమి దక్కింది. అది చేతికొచ్చే జీతం అనుకోకండి. భూమి పండుతుందని కట్టిన అంచనా అది. అందులోంచే మనుషుల్ని, గుర్రాల్ని, తుపాకుల్ని పోషించి, పిలవగానే యుద్ధానికి తేవాలి.

చివరి పేజీ క్యోటో దగ్గరి ఫుషిమి కోట. 1600లో ఇయెయాసు సేనతో తూర్పుకు వెళ్తూ కోటను మొతొతాదకు అప్పగించాడు. తాను వెళ్లగానే తన ప్రత్యర్థి ఇషిదా మిత్సునారి పక్షం దాని మీద పడుతుందని ఇద్దరికీ తెలుసంటారు. లోపల సుమారు 1,800 మంది, బయట 40,000. పది రోజులకు పైగా నిలబడి, ఎనిమిదో నెల 1న, అంటే సెప్టెంబర్ 8న, కోట పడింది. మొతొతాద అక్కడే పోయాడు. ఇయెయాసు ఆ పక్షాన్ని ఓడించిన సెకిగహరా యుద్ధం అక్టోబర్ 21న. ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాస్తే, అతను శత్రువును ఆపిన ఆ రోజుల విలువ తెలుస్తుంది. కొడుకు తదమసకు తర్వాత ఇవాకితైరాలో 100,000 కొకులు వచ్చాయి. బియ్యం గడిలో అదీ రాయండి. బంటు చనిపోయినా అతని లెక్క కొనసాగుతుంది.

అప్పుడు క్యోటో వెళ్లండి. సంజుసంగెన్దో ఆలయం ఎదురుగానే యోగెన్-ఇన్ అనే ఇంకో ఆలయం ఉంది. ఫుషిమి కోటలో రక్తం ఇంకిన పలకల్ని ఎవరూ తొక్కకూడదని పైకప్పుకు బిగించామని ఆలయంవాళ్లు చెబుతారు. అక్కడున్నావిడ పొడవాటి కర్రతో పైకి చూపిస్తూ, ఇది తల, ఇది కాలు అని సైగ చేసింది. గాయపడిన కాలు అదేనా అని అడగాలనిపించింది, భాష రాక ఊరుకున్నాను. మీరు మాత్రం ఒక్క వాక్యం నేర్చుకుని వెళ్లండి: "దోచ్చి నో అషి దెసు కా?" ఏ కాలు అని.