పసిపిల్లల ఎదుగుదల పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చో చూసుకోవడం ఎలా?

లంక ఊళ్లో ఒక పాక. ఏడాదిన్నర పాప అమ్మ ఒళ్లో కూర్చుంది. "మెట్లు ఎక్కుతుందా అమ్మా?" అంటే "లేదండీ" అంది తల్లి. కాగితం మీద ఒక మార్కు పోయింది. ఆ ఇంటికి మెట్లే లేవు! సాయంత్రమైతే అదే పాప గోదావరి గట్టు మీదికి చేతులూ కాళ్లూ ఆనించి చకచకా ఎక్కేస్తుంది.

కొలవాలనుకున్నదాన్నే పరీక్ష కొలుస్తోందా అన్నదే అసలు సంగతి. దాన్ని ఇలా చూసుకోండి.

ముందు, అది స్క్రీనింగా, పూర్తి పరీక్షా అని అడగండి. స్క్రీనింగ్ జల్లెడ లాంటిది, దాంతో జబ్బు పేరు పెట్టకూడదు.

తర్వాత, ఏ పిల్లల మీద తయారైందో కనుక్కోండి. డెన్వర్ పరీక్ష 1967 నాటిది, అమెరికా పిల్లల మీద చేసింది. రెండేళ్లలోపు పిల్లలకు వాడే త్రివేండ్రం చార్టులోని 17 అంశాలు మన బరోడా పిల్లల ప్రమాణాల నుంచి ఏరినవి. మన దేశానిదైనా సరే, ప్రశ్నలను మన ఇంటి కళ్లతో చదవాలి. పడవ, పంటు రోజూ చూసే పాపకి రైలు బొమ్మ చూపించి పేరు చెప్పలేదంటే, అది మాటలు రాకపోవడం కాదు కదా!

ఇప్పుడు లెక్క. అందరూ దాటేసేది ఇదే, నాకు ముఖ్యమనిపించేదీ ఇదే. ఉదాహరణకు 100 మంది పిల్లల్లో 10 మందికి నిజంగా ఎదుగుదలలో ఆలస్యం ఉందనుకోండి. పరీక్ష ఆలస్యం ఉన్నవాళ్లలో 80 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది. అంటే 8 మంది దొరుకుతారు, ఇద్దరు తప్పిపోతారు. బాగున్న 90 మందిలో 18 మందికి కూడా "అనుమానం" అని వస్తుంది. మొత్తం 26 మంది తల్లులకు టెన్షన్, అందులో నిజంగా ఆలస్యం ఉన్నది 8 మందికే. అందుకే ఒక్క కాగితం చూసి ఏడవకండి. "బాగుంది" అని వచ్చినా నిశ్చింతగా ఉండిపోకండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే రెండేళ్లు వచ్చేవరకు వయసు సరిచేయాలి. రెండు నెలలు ముందు పుట్టి, ఇప్పుడు పది నెలలుంటే ఎనిమిది నెలల లెక్కన చూడాలి. జ్వరం, ఆకలి, నిద్రమత్తు ఉన్న రోజు పరీక్ష వాయిదా వేయించండి.

అనుమానం మిగిలితే అంగన్‌వాడీ టీచర్‌నో ఆశా కార్యకర్తనో అడిగి జిల్లా డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయం చేసే ప్రభుత్వ కేంద్రానికి తీసుకెళ్లండి. వచ్చిన మాటలు పోయినా, నడిచే బిడ్డ నడక మానేసినా మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.