మేక్‌ఫైల్ నేర్చుకుందాం - 4: పాత్‌ను ముక్కలు చేయడం

ప్రోగ్రాం ఫైళ్లను కంపైల్ చేయించే ‘మేక్’ అనే సాధనానికి సూచనలు రాసిపెట్టే ఫైలే మేక్‌ఫైల్. పోయిన భాగంలో వైల్డ్‌కార్డ్‌తో (నమూనాకు సరిపోయే ఫైళ్లను వెతికిపెట్టే ఫంక్షన్) సి ఫైళ్ల పేర్లన్నీ ‘ఫైళ్లు’ అనే వేరియబుల్‌లోకి తెచ్చుకున్నాం. ఇప్పుడు వాటి ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైల్ అయ్యాక వచ్చే .ఓ ఫైళ్లు) బిల్డ్ ఫోల్డర్‌లో పడాలి. (కోడ్‌ను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే.)

గ్నూ మేక్‌లో (మేక్‌లో బాగా వాడుకలో ఉన్న రకం) ఇవాళ చూసే ఫంక్షన్లకు పాత్, అంటే ఫోల్డర్‌తో సహా ఫైలు చిరునామా, ఉత్త అక్షరాల వరస. ఇవేవీ డిస్క్ వైపు తొంగి కూడా చూడవు. లేని ఫైలు పేరు ఇచ్చినా కిక్కురుమనకుండా కోసి ఇస్తాయి.

$(డిర్ సోర్స్/మెయిన్.సి) → సోర్స్/
$(నాట్‌డిర్ సోర్స్/మెయిన్.సి) → మెయిన్.సి
$(సఫిక్స్ సోర్స్/మెయిన్.సి) → .సి
$(బేస్‌నేమ్ సోర్స్/మెయిన్.సి) → సోర్స్/మెయిన్

షెల్ (టెర్మినల్‌లో కమాండ్లు నడిపేది) అలవాటున్నవాళ్లు నాలుగోదాని దగ్గర బోల్తా పడతారు. షెల్ బేస్‌నేమ్ ఫోల్డర్‌ను తీసేస్తుంది. మేక్ బేస్‌నేమ్ ఫోల్డర్‌ను ముట్టుకోదు, ఎక్స్‌టెన్షన్‌ను తీస్తుంది. అదీ చివరి చుక్క దగ్గరే: డేటా.టార్.జీజెడ్ ఇస్తే డేటా.టార్ మిగులుతుంది.

డిర్‌తో నాకు ఒకసారి గట్టిగానే తగిలింది. తయారైన ఫైళ్లను తుడిచేసే క్లీన్ రూల్‌లో ‘ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్ $(డిర్ $(అవుట్))*’ అని రాశాను. అవుట్‌లో ‘బిల్డ్/యాప్’ ఉన్నన్నాళ్లూ బాగానే నడిచింది. ఒకరోజు దాన్ని ఉత్త ‘యాప్’ అని మార్చాను. పేరులో స్లాష్ లేకపోతే డిర్ ఇచ్చేది ఖాళీ కాదు, ‘./’. అంటే నేను తుడవమన్నది ‘./*’, సోర్స్‌తో సహా! గిట్‌లో (కోడ్ పాత రూపాలను దాచిపెట్టే సాధనం) ముందురోజు కమిట్ ఉంది కాబట్టి ఒక్కరోజు పని మాత్రమే పోయి బయటపడ్డాను.

ఇక అసలు పని:

ఆబ్జెక్టులు := $(ప్యాట్‌సబ్‌స్ట్ సోర్స్/%.సి,బిల్డ్/%.ఓ,$(ఫైళ్లు))

ఎడమ నమూనాలో % పట్టుకున్న భాగం కుడి నమూనాలోని % చోట వచ్చి కూర్చుంటుంది. నాట్‌డిర్‌తో ఫోల్డర్ తీసేసి, యాడ్‌ప్రిఫిక్స్‌తో ‘బిల్డ్/’ తగిలించి, ఎక్స్‌టెన్షన్ మార్చినా ఇదే వస్తుందిగా అంటారేమో. సోర్స్/నెట్/లాగ్.సి, సోర్స్/డిస్క్/లాగ్.సి రెండూ ఉంటే? ఆ పద్ధతిలో రెండూ బిల్డ్/లాగ్.ఓ అయిపోతాయి. ప్యాట్‌సబ్‌స్ట్ అయితే సబ్‌ఫోల్డర్ పోదు. నా ఓటు దీనికే.

ఫైలు పేర్లలో స్పేస్ మాత్రం వద్దు. ‘నా ఫైలు.సి’ మేక్‌కు ఒక పేరు కాదు, రెండు.

ఇంటిపని: $(నాట్‌డిర్ బిల్డ్/) ఏమిస్తుందో ముందు కాగితం మీద రాసుకోండి, తర్వాత $(ఇన్ఫో) తో ప్రింట్ చేసి చూడండి. బిల్డ్/నెట్ ఫోల్డర్‌ను మేక్ చేతే సృష్టింపజేయడం 5వ భాగంలో.